మా బావ ఎంచుకున్న చిన్న టార్చి

ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. నా అంగడికి వచ్చినవాళ్ళందరికీ టార్చిలు వెలిగించి చూపించడానికి నేనొక పాత సెల్లు ఉంచుకునేవాణ్ణి. దాన్ని మా బావ కొన్న టార్చిలోనే వదిలేసి, "కొత్త సెల్లే బావా" అని ఆయన చేతిలో పెట్టాను. మరిచిపోయాను అంటే సగమే నిజం. మరిచిపోయింది మధ్యాహ్నం. సాయంత్రానికి గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా ఏమీ చెయ్యలేదు.

పోయిన నెల బావ చనిపోయాడు. పట్టపగలు, కిటికీ పక్కనున్న మంచం మీద, అక్క చెయ్యి పట్టుకుని. చీకటంటే అంత భయపడిన మనిషి వెలుతురులో పోయాడని అక్క పదే పదే చెప్పుకుంటోంది. కర్మకు వచ్చినవాళ్ళు ఆయన మంచితనం గురించీ, పాడి గురించీ మాట్లాడారు. ఆయన భయం గురించి ఎవరూ నోరు విప్పలేదు. చనిపోయిన మనిషి గురించి అలా మాట్లాడటం మర్యాద కాదనుకున్నట్టున్నారు. నాకు మాత్రం ఆ భయాన్ని తీసేస్తే ఆయన గుర్తుకు రాడు.

మనిషి చూస్తే ఎత్తరి. మా ఇంటి గడప దాటి లోపలికి రావాలంటే తల వంచాల్సిందే. మీసం బాగా దట్టం. ఆ మీసం కింద నుంచి "నాకు బయమప్పా" అనే మాట వస్తే కొత్తవాళ్ళు తమాషాకి అంటున్నాడనుకునేవాళ్ళు. ఎవరైనా కాఫీ ఇస్తే "నాకు షుగరు, చక్కెర వద్దు" అన్నట్టుగా, అంత మామూలుగా అనేవాడు ఆ మాట. మా ఇంట్లో ఫ్యాను కింద కుర్చీ వేస్తే దాన్ని పక్కకు జరుపుకుని కూర్చునేవాడు. తిరుపతిలో బట్టలంగడికి తీసుకెళ్తే లిఫ్టు ఎక్కేవాడు కాదు. "మీరు పోండి, నేను మెట్లెక్కి వస్తా" అని, మేము చీరలు సగం చూసేసరికి ఆయాసపడుతూ వచ్చేవాడు. పెళ్ళి పందిట్లోకి పోతే ముందుగా గుంజలు పట్టుకుని ఊపి చూసేవాడు. నలుగురు నవ్వితే వాళ్ళతోపాటు తనూ నవ్వి, అదే గుంజను ఇంకోసారి ఊపేవాడు.

నేనూ నవ్వేవాణ్ణి. అందరికంటే ఎక్కువగా నేనే నవ్వాను. బావతో వేళాకోళం ఆడే హక్కు బామ్మర్దికి ఉంటుంది కదా, ఆ హక్కును నేను చాలా దూరం లాగాను.

ఆయన పల్లె పలమనేరు దాటి అడవి వైపు పోయే దారిలో ఉంటుంది. రోడ్డుకు మైలు లోపలికి. ఆవులు కట్టి పాలు పోసేవాడు. పాల వ్యాను తెల్లవారకముందే వచ్చి రోడ్డు మీద ఆగేది, ఎవరికోసమూ కాచుకునేది కాదు. పల్లె నుంచి రోడ్డెక్కాలంటే మధ్యలో ఒక వంక, చిన్న వాగు, దాటాలి. రెండు పక్కలా మనిషెత్తు ముళ్ళకంప, లోపల బండరాళ్ళు, ఎండాకాలంలో కూడా ఎండని ఒక మడుగు. కౌండిన్య అడవిలోని ఏనుగులు ఆ మడుగులో నీళ్ళకు దిగేవి. ఆ దారిలో సైకిలు కూడా పోదు. పాల క్యాన్లు చేత్తో పట్టుకుని, వెలుతురు రాకముందే ఆ వంకలోకి దిగి ఎక్కాలి. ప్రతిరోజూ.

బావ ఎన్నడూ 'ఏనుగు' అనేవాడు కాదు. 'ఆయప్ప' అనేవాడు. ఊళ్ళో పెద్దమనిషి ఎవరి గురించో చెబుతున్నట్టు, "నిన్న ఆయప్ప వంకలో ఉన్నట్టుండె" అనేవాడు.

ఆయన పక్కింటి మనిషి ఒకాయన రాగిచేను కాపలాకు పోయి, చప్పుడైన వైపు పెద్ద టార్చి వేశాడట. వెలుతురు నేరుగా ఏనుగు మొహం మీద పడింది. పొద్దున ఆ మనిషిని మంచం మీద ఇంటికి మోసుకొచ్చినవాళ్ళలో బావ ఒకడు. ఆ సంగతి నాకు అక్క చెప్పింది. బావ చెప్పలేదు. ఆయన చెప్పింది ఒక్కటే: "లైటు కాళ్ళ కాడ్నే ఉండాల. మొగం మీదికి పోకూడదు." అప్పట్నుంచి ఇంట్లో పెద్ద టార్చి ఉండనివ్వలేదు. ఒక చేతిలో చిన్న లాంతరు, ఇంకో చేతిలో ఒక క్యాను, ఇదీ ఆయన నడక. తర్వాత ఆవులు పెరిగాయి, క్యాన్లు రెండయ్యాయి. రెండు చేతులూ వాటికే సరి. అందుకే తాళాలకు తగిలించుకునే చిన్న టార్చి కోసం తిరుపతికి వచ్చాడు. ఇంకా సెల్‌ఫోన్లు మా చేతుల్లోకి రాని రోజులు.

బస్టాండు దగ్గర సందులో నాది ఫ్యాన్సీ అంగడి. తాళాల గొలుసులు, వాచీ బెల్టులు, దువ్వెనలు, సెల్లులు, టార్చిలు. ఆ రోజు ఎండలోనూ జనం బాగానే ఉన్నారు. బావ వచ్చి గాజుబల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. నేను మొదట నొక్కితే వెలిగే టార్చి తీసి ఇచ్చాను. నొక్కాడు. టక్‌మంది. వెంటనే కింద పెట్టేశాడు.

"ఇది వద్దు. ఇది మాట్లాడతా ఉండాది."

"టార్చి యాడ మాట్లాడతాది బావా?"

"టక్ అనలా? మనకి టక్కు. ఆయప్పకి మనం పేరు పెట్టి పిలిసినట్టు."

వాచీకి బెల్టు వేయించుకుంటున్న ఒకాయన మా వైపు తిరిగి, "ఎవురప్పా ఆ ఆయప్ప? మీ ఓనరా?" అన్నాడు.

"అడివికి ఓనరు సామీ," అన్నాడు బావ. అందరూ నవ్వారు. బావ కూడా.

తర్వాత గుండీ సెల్లులతో వెలిగేది చూపించాను. దాన్ని అరచేతిలో పెట్టుకుని తూకం చూసినట్టు చూశాడు. "బాగుండాది. అయితే ఈ బిళ్ళలు అయిపోతే మా పల్లెలో యాడ దొరకతాయి? దీపానికి నూనె కోసం తిరపతికి రావాలంటే ఎట్లప్పా?"

మూడోది తిప్పితే వెలిగేది. వేలంత పొడవు, తెల్లటి అల్యూమినియం, లోపల ఒకటే సన్న పెన్సిలు సెల్లు. తల బిగిస్తే వెలుగుతుంది, వదులు చేస్తే ఆరిపోతుంది. చప్పుడు లేదు. నేను డ్రాయరులోంచి నా పాత సెల్లు తీసి వేసి, తిప్పి చూపించాను. ఆ సెల్లు మీద ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టి ఉంటుంది, అమ్మే వాటిలో కలిసిపోకుండా.

బావకు అది నచ్చింది. నచ్చిందని నాకు తెలియడానికి ఇంకో గంట పట్టింది. కళ్ళు మూసుకుని తిప్పాడు. కుడిచేత్తోనే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి తిప్పి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. జేబులో వేసుకుని అటూ ఇటూ నడిచి, తీసి చూశాడు.

"జోబులో తిరుక్కోని దానికదే వెలగదు కదా?"

"ఇంకో సుట్టు వదులు సేసి పెట్టుకో బావా. అప్పుడు వెలగదు."

"మరీ వదులైతే తల ఊడి పడిపోదా?"

"పడదు."

"నీకెట్ల తెలుసు?"

తర్వాత నా నీళ్ళ క్యానూ, అంగడి కడిగే బకెట్టూ అడిగి తీసుకున్నాడు. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని, టార్చిని పళ్ళ మధ్య కరుచుకుని, అంగట్లో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. వెలుతురు ఆయన కాళ్ళ ముందు చిన్న పళ్ళెమంత పడింది. కొనడానికి వచ్చినవాళ్ళు గోడకు ఒదిగి దారి ఇచ్చారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"బావా, నువ్వు టార్చి కొంటా ఉండావా, పెండ్లికూతుర్ని సూస్తా ఉండావా?"

బావ టార్చి నోట్లోంచి తీసి, పంచెతో తుడిచాడు. "పెండ్లికూతురైతే మీ అక్కని ఒకతూరి సూసి సరే అంటిని. ఆడ తేడా వస్తే తిట్టుకుంటా బతకొచ్చు. ఈడ తేడా వస్తే తిట్టుకునేదానికి కూడా నేనుండను బామ్మర్దీ."

అందరూ మళ్ళీ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు, విసుగ్గా ఉంది. ఇక సెల్లుల దగ్గరకు వచ్చాం. మామూలువీ ఉన్నాయి, ఎక్కువకాలం వచ్చే ఆల్కలైనువీ ఉన్నాయి. బావ రెండూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"వీటిల్లో ఏది సెప్పి ఆరిపోతాది?"

"సెప్పడమేంది?"

"ఆరిపోయేది ఎట్లైనా ఆరిపోతాది. ముందు కొంచిం మసగ్గా అయ్యి, ఇంగ నేను పోతా ఉండా అని సెప్పి పోవాల కదా. అట్లాంటిది ఏది?"

అది మంచి ప్రశ్న. మామూలు సెల్లు మెల్లగా మసకబారుతుంది. ఆ టార్చిలో ఆల్కలైను సెల్లు చివరిదాకా బాగా వెలిగి ఉన్నట్టుండి పడిపోతుంది. నాకు తెలుసు, రోజూ అమ్మేవాణ్ణి. కానీ చెబితే ఇంకో అరగంట కూర్చుంటాడు. "రెండూ ఒకటే బావా. ఈ ఖరీదైంది తీసుకో, ఎక్కువ రోజులొస్తాది," అన్నాను. కొత్త సెల్లు ఒకటి అట్ట నుంచి చించి గాజుబల్ల మీద పెట్టాను. అంతలో ఎవరో వాచీ బెల్టు అడిగారు. చూపించి తిరిగొచ్చేసరికి బావ బస్సు టైమైందని లేచి నిలబడ్డాడు. నేను టార్చి తల గబగబా తిప్పి ఆర్పి చేతికిచ్చాను.

"సెల్లు కొత్తదేనా?"

"కొత్త సెల్లే బావా. నీకు పాతది ఇస్తానా?"

ఆయన నా మొహం వైపు చూసి, సరేనని తలాడించి, టార్చిని బనీను లోపలి జేబులో పెట్టుకుని పోయాడు.

సాయంత్రం బల్ల తుడుస్తుంటే కొత్త సెల్లు దొర్లుకుంటూ వచ్చి నా చేతికి తగిలింది. డ్రాయరు తీసి చూశాను. ఎర్ర చుక్క సెల్లు లేదు. అదీ ఆల్కలైనుదే, చెప్పకుండా ఆరిపోయేది.

వాళ్ళ పల్లెలో చిల్లరంగడికి ఫోను ఉంది. ఫలానావాళ్ళని పిలవండి అంటే పిల్లలెవరైనా పరిగెత్తి పిలుచుకొస్తారు. నేను రిసీవరు ఎత్తాను. ఏమని చెప్పాలి? అంతమంది ముందు "నీకు పాతది ఇస్తానా" అన్నవాణ్ణి, పాతదే ఇచ్చానని చెప్పాలి. చెబితే ఆయన మళ్ళీ వస్తాడు, మళ్ళీ సగం రోజు స్టూలు మీద కూర్చుంటాడు. ఇంకా కొన్నాళ్ళు వెలుగుతుందిలే అనుకున్నాను. ఆయనకి ప్రతిదానికీ భయమే కదా అని కూడా అనుకున్నాను. రిసీవరు పెట్టేశాను. ఆ రాత్రి బాగా నిద్రపోయాను. ఈ మాట రాయడానికి అన్నిటికంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

మరుసటి రోజు అక్క ఫోను చేసింది. "అబ్బోడా, మీ బావ కాలు ఇరిగింది. పుత్తూరు కట్టు కట్టించేదానికి తీసుకొస్తా ఉండాము. నువ్వు ఆడికి వచ్చెయ్."

ఎలా విరిగిందని నేను అడగలేదు.

తిరుపతి నుంచి పుత్తూరు ఎంత దూరమని. ఆ బస్సులో నాకు పట్టిన భయం బావకి ఏమైందోనని కాదు. ఆయన టార్చి తల విప్పి చూశాడా అని. ఎర్ర చుక్క చూశాడా అని. వడమాలపేటలో బస్సు ఆగినప్పుడు లేచి నిలబడ్డాను. దిగి వెనక్కి పోదామనే అనుకున్నాను. పక్కనున్నామె "దిగతావా అప్పా?" అని కాళ్ళు ముడుచుకుంది. లేదని మళ్ళీ కూర్చున్నాను.

కట్లు కట్టేచోట పెద్ద రేకుల షెడ్డు. చేతులూ కాళ్ళూ కట్టించుకున్నవాళ్ళు, కట్టించుకోవాల్సినవాళ్ళు వరసగా ఉన్నారు. ఆకుపసరూ కోడిగుడ్డూ కలిసిన వాసన. బావ చాప మీద పడుకుని ఉన్నాడు. కాలికి అప్పటికే వెదురుబద్దల కట్టు పడింది. పెదవి వాచింది, మీసంలో రక్తం ఎండిపోయి ఉంది. ముందుపన్ను ఒకటి సగం లేదు.

"వచ్చినావా," అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. పగటిపూట, అంతమంది జనం మధ్య, ఇంకా ఎవరికో వినపడకూడదన్నట్టు మాట్లాడుతున్నాడు.

"వంకలో దిగేదాకా బాగానే ఉండె బామ్మర్దీ. మడుగు కాడికి పోయినా. లైటు పోయింది. మసగ్గా అయ్యేది లేదు, ఏం లేదు. సెప్పకుండా పోయింది. ఒక క్యాను కింద పెట్టి తిప్పినా. మల్ల తిప్పినా. అప్పుడు వినపడింది."

"ఏంది?"

"కడుపులో గుడగుడ. దూరంగా లారీ పోతా ఉన్నట్టుంటాది సూడు, అట్ల. అయితే దూరంగా కాదు." ఆగి, పెదవి తడుపుకున్నాడు. "ఎనక్కి ఒక అడుగు ఏసినా. రెండు బండల మధ్యన కాలు పడింది. ఇరిగిన సద్దు నాకే వినపడింది. అరుపు వచ్చింది. టార్చి పండ్ల మధ్యన ఉండె కదా, కొరికి పట్టుకున్యా."

అక్క చీర చెంగు నోట్లో కుక్కుకుని పక్కకు తిరిగింది.

"ఆయప్ప వచ్చి క్యాను తడిమినాడు. పాలు పోయిన సద్దయింది. తర్వాత నా కాడికి వచ్చినాడు. మొగం మీద ఊపిరి వదిలినాడు. ఎచ్చగా. పచ్చిగడ్డి వాసన."

"ఎంతసేపున్నాడు?"

"తెలీదు. నేను ఆడ ఉన్నట్టే లేదు నాకు."

తెల్లవారాక, వెతుక్కుంటూ వచ్చిన పల్లెవాళ్ళు చూస్తే ఆయన నోట్లో టార్చి అలాగే ఉందట. దవడలు పట్టుకుని విడిపించారట. బావ చొక్కా జేబులోంచి దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. అల్యూమినియం మీద పళ్ళు దిగిన గుంటలు రెండు పక్కలా ఉన్నాయి.

"టార్చి మంచిదే," అన్నాడు. "సెల్లే మోసం సేసింది. నాదే తప్పులే. ముందునాటి రాత్రి మీ అక్కకి సూపిస్తా ఊరికే వెలిగించి ఆర్పి, వెలిగించి ఆర్పి ఆడుకున్యా. అయిపోయినట్టుండాది."

అప్పుడు నేను చెప్పి ఉండొచ్చు. చెప్పడానికి అంతకంటే మంచి చోటు దేవుడు కూడా ఇవ్వడు. నేను అన్నది ఇది: "అవును బావా. ఊరికే వెలిగిస్తే అయిపోతాయి."

ఆయన తప్పు చేసిన పిల్లవాడిలా తలాడించాడు.

కాసేపటికి అక్క, "ఇంగ పాలు ఎవురు మోస్తారో," అంది. వ్యానుకు పాలు పోయకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పల్లెలో ఎవరి క్యాన్లు వాళ్ళకే ఉన్నాయి. నేను మోస్తానన్నాను.

"నువ్వా?" అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "మా ఊరికొస్తే దొడ్లోకి పోయేదానికే నీకు జత కావాల."

మా ఆవిడకు అంగడి అప్పజెప్పి పలమనేరు బస్సెక్కాను.

మొదటిరోజు తెల్లవారుజామున అక్క పాలు పితికి క్యాన్లు నింపింది. బావ ఇంటి ముందు పంచలో మంచం మీద నుంచి దారి చెప్పాడు. "కంప దగ్గిర నిలబడి ఇను. ఏం వినపడకపోయినా ఇను. క్యాను మోగనీకు. తుమ్మొస్తే ముక్కు పట్టుకో." తర్వాత అడిగాడు. "సెల్లు మార్సినావా?"

"మార్సినా."

నేను అదే టార్చిని పళ్ళ మధ్య పెట్టుకుని బయల్దేరాను. ఆయన పళ్ళ గుంటలు నా పెదవులకు తగులుతున్నాయి.

వంకలోకి దిగేదాకా నేను చాలా ధైర్యవంతుణ్ణి. దిగాక కాళ్ళ ముందు పళ్ళెమంత వెలుతురు, దాని చుట్టూ గోడలా చీకటి. వెలుతురు లేకపోతే అంత నల్లగా ఉండదేమో అనిపించింది. మడుగు దగ్గర ఒక వాసన కొట్టింది. తడిసిన గడ్డివాములా, కొంచెం పుల్లగా. కంపలో ఏదో కొమ్మ విరిగింది. మళ్ళీ ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలో ఎవరో నిలబడి నా కోసం వింటున్నారు.

నేను ఆగిపోయాను. టార్చి తిప్పి ఆర్పడానికి చేతులు ఖాళీగా లేవు. క్యాన్లు కింద పెడదామంటే వంగలేకపోయాను. నోట్లో నీళ్ళూరి గడ్డం మీదుగా కారుతున్నాయి, మింగితే చప్పుడవుతుందని మింగలేదు. క్యాన్లలో పాలు తొణుకుతున్నాయి. వాటి మూతలు సన్నగా మోగుతున్నాయి. ఆపలేను. వెచ్చగా తొడల మీదుగా పంచె తడిసింది. అక్కడ ఏనుగు ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. రోడ్డు మీద వ్యాను హారను కొట్టడం విన్నాను. అది వెళ్ళిపోవడం కూడా విన్నాను. కంప ఆకులు ఒక్కొక్కటిగా కనపడేంత వెలుతురు వచ్చాక వెనక్కి తిరిగాను.

నిండు క్యాన్లతో వాకిట్లోకి వచ్చిన నన్ను చూసి బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. నా పంచె చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం నేను భరించలేకపోయాను.

"బావా, ఆ సెల్లు నువ్వు ఆడుకోని అయిపోలేదు. అది అంగట్లో అందరికీ సూపించే పాత సెల్లు. నేనే దాంట్లో వదిలేసినా. ఆ సాయంత్రమే తెలిసింది నాకు. ఫోను ఎత్తి మల్ల పెట్టేసినా. పుత్తూరులో కూడా సెప్పలా."

పాకలో ఆవు గడ్డి లాగుతున్న చప్పుడు వినపడుతోంది. బావ తన కాలి కట్టును ఒకసారి చేత్తో తడిమాడు.

"నేను అడిగినా కదా బామ్మర్దీ," అన్నాడు.

అంతే. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిట్టి ఉంటే, ఆ పాలక్యాను నా నెత్తిన కుమ్మరించి ఉంటే బాగుండేది. అక్క పాకలోంచి వచ్చింది. అంతా విన్నదని మొహం చూస్తే తెలిసింది. నా చేతుల్లోంచి క్యాన్లు లాక్కుని పాలు తోడుపెట్టడానికి కుండలో పోసింది. ఆ పొద్దు నాకు కాఫీ ఇవ్వలేదు.

తిరుపతికి పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. మరుసటి రోజు అక్క క్యాన్లు నింపి వాకిట్లో పెట్టింది. నేను ఎత్తుకున్నాను. ఆ రోజు వ్యాను అందుకున్నాను. ఆ తర్వాత రోజూ. భయం తగ్గుతుందని అనుకున్నాను, తగ్గలేదు. అన్నం తింటున్నప్పుడు కూడా వంక గుర్తొచ్చేది. వాకిట్లో కొబ్బరిమట్ట రాలితే ఉలిక్కిపడేవాణ్ణి. ఒకసారి అలా ఉలిక్కిపడి చూస్తే, మంచం మీద బావ కూడా అదే క్షణంలో ఉలిక్కిపడి నా వైపు చూస్తున్నాడు.

దారి గురించి తప్ప బావ నాతో మాట్లాడేవాడు కాదు. కానీ రోజూ సాయంత్రం చెయ్యి చాపేవాడు. నేను టార్చి ఇచ్చేవాణ్ణి. తల విప్పి, సెల్లు బయటికి తీసి, రెండు కొసలూ పంచెతో తుడిచి, వెలుతురులో తిప్పి తిప్పి చూసి, మళ్ళీ తనే వేసి బిగించేవాడు. మామూలు సెల్లులు మసకబారి ఆరిపోతాయని ఈసారి నిజం చెప్పాను, అవే తెప్పించుకున్నాడు. వెలిగించి చూసి, ఆర్పి, తిరిగి ఇచ్చేవాడు. ఆ పని నా చేతికి ఒక్కరోజు కూడా వదల్లేదు. నేను వదలమని అడగలేదు.

కట్టు విప్పాక ఒక తెల్లవారుజామున బావ కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"యాడికి పోతావు? గమ్మునుండు," అంది అక్క.

"ఈడ పడుకోని వినేదానికంటే ఆడికి పోయేదే మేలు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "టార్చి ఇట్లియ్యి. నేను ముందు నడస్తా. నువ్వు క్యాన్లు పట్టుకో."

ఇచ్చాను. విరిగిన పన్ను పక్కన దాన్ని సరిచేసుకుని కరుచుకున్నాడు. కంప దగ్గర ఆగాం. ఆయన విన్నంతసేపు నేనూ విన్నాను. వంక అంచున నిలబడిపోయాడు, అడుగు కిందికి పడలేదు. నేను తొందరపెట్టలేదు. వ్యాను పోతే పోనీ అనుకున్నాను. చాలాసేపటికి కర్రను కిందికి దించి, దాని వెనక కుంటికాలు దించాడు.

ఆయన కర్ర వదిలి తన క్యాన్లు తను మోసే రోజు వచ్చేదాకా అలాగే నడిచాం, ఆయన ముందు, నేను వెనక. అంగడి సంగతి మా ఆవిడే చూసుకుంది. నా చేతుల్లో క్యాన్లు, నా దగ్గర లైటు లేదు. ఆయన కాళ్ళ దగ్గర వెలుతురు ఎక్కడ కదిలితే అక్కడే నా కాళ్ళు పెట్టాను.